గొంగడి తడి, నేల పొడి

టేకులపల్లి అవతల ఒక తండాలో రేకుల చర్చి. ఆదివారం పొద్దున, ఇంకా గంట కొట్టలేదు. పాస్టరు ఆదినారాయణ చేతిలో నీళ్లోడుతున్న గొంగడి, ఎదురుగా కమ్లి.

“ఇది మంచు కాదు కమ్లీ.”

“మంచే అయ్యగారూ. దేవుడు కురిపిస్తే గట్లనే ఉంటది.”

“మంచుకు తుప్పు వాసన వస్తుందా? ఇది మన బోరింగు నీళ్ల వాసన.”

“దేవుడు ఏ నీళ్లు వాడుకుంటే మనకేంది?”

“కమ్లీ! నిన్న ప్రార్థనలో మీ బాపు ఏమన్నాడు? ‘బైబిల్ల గిద్యోనుకిచ్చిన గుర్తే నాకూ కావాలె. రాత్రి గొంగడి పరుద్దాం. తెల్లారేసరికి నేల పొడిగుండి గొంగడొక్కటే తడిస్తే పిల్లను అది ఇష్టపడ్డ మంగీలాల్‌కిస్త. లేకుంటే ముదిగొండ సంబంధమే’ అన్నాడా లేదా?”

“అన్నడు.”

“ఇంకాసేపట్లో అందరి ముందు నిలబడి, దేవుని చిత్తం ఇదీ అని నేను చెప్పాలి. నిజం చెప్పు. నువ్వే పోశావు కదూ?”

“…ఒక్క బిందె.”

“ఒక్క బిందె! దేవుణ్ణే మోసం చేద్దామనుకున్నావా?”

“లే అయ్యగారూ, లే. పోయినాదివారం మీరే చెప్పిండ్రు గదా, ఆకు రాలాలన్నా ఆయన సెలవు కావాలె, మనం పుట్టకముందే అన్నీ అనుకొని పెట్టిండు అని. మరి నా బిందె అనుకోలేదా?”

“అది వేరు. మనిషికి స్వేచ్ఛ కూడా ఇచ్చాడు. తప్పు చేస్తే ఆ తప్పు నీదే.”

“మంచైతే ఆయనది, తప్పైతే నాదా? మంచిగుంది!”

“నవ్వకు. …ఈ ఇసుకేంటి మరి? బోరింగులో ఇసుక రాదే.”

“ఇసుకా? నాకెరుక లేదు. …వాగు ఇసుక లెక్కుంది. అయ్యో, వాగు ఒడ్డునుండే మంగీలాల్!”

“ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట.”

“ఒట్టు పెట్టుడు పాపమని మీరే అన్నరు, లేకుంటే ఒట్టేసి చెప్పేదాన్ని. పది దినాలసంది మమ్మల్ని మాట్లాడనిస్తలేరు. ఒకలకొకలం చెప్పుకోకుండ ఇద్దరికి ఒక్కటే బుద్ధి పుట్టిందంటే, పుట్టిచ్చింది ఎవలు? చెప్పుండ్రి.”

“…నన్ను ఇరికించకు. సరే, నువ్వో బిందె, అతనో బిందె పోస్తే నేల బురద కావాలి. గొంగడి చుట్టూ నేల పొడిగా ఉందే? చేత్తో తడిమి చూశాను.”

“పొడిగున్నదా? నేను మెట్ల ముందర పోసిన…”

“మెట్ల ముందరా? నాకు ఎడ్లబండి పక్కన దొరికింది. …అవును, రాత్రి నేను పరిచింది మెట్ల ముందరే!”

“అగో, చూడుండ్రి, మెట్ల కాడంత బురదే! నేల సంగతే నాకు యాదికి రాకపాయె. నా పెండ్లి నేనే చెడగొట్టుకుంటుంటి.”

“మరి జరిపిందెవరు? …గొంగడికంతా ఈ తవుడేంటి?”

“తవుడు మా ఎడ్లు తాగే కుడితి గోలెంల…”

“ఊరుకో, మీ బాపు వస్తున్నాడు. రా హాతీరాం, రా.”

“గొంగడి తడిసిందా అయ్యగారూ?”

“తడిసింది.”

“నేల?”

“పొడిగానే ఉంది.”

“అగో! ముదిగొండోళ్లకిచ్చిన మాట నేను తప్పలే. దేవుడే తప్పిచ్చిండు. గట్లనే చెప్పుండ్రి అందరికి.”

“చెప్తాను. ముందు నువ్వొకటి చెప్పు. రాత్రి నీ ఎడ్లకు కుడితి సరిపోయిందా?”

“…ఎడ్ల ముచ్చట ఇప్పుడెందుకు?”

“హాతీరాం.”

“బాపూ, నువ్వా? పది దినాలసంది నా మొఖం చూస్తలేవు గదా బాపూ!”

“చూస్తే నాకు ఏడుపొస్తదని చూడలే బిడ్డా. …అయ్యగారూ, నేను బండి చాటున కూసొని చూస్తనే ఉన్న. ముందు పోరి పోసిపాయె, ఎన్క పోరడు పోసిపాయె. ఇద్దరు పిచ్చోళ్లు కలిసి నేలంత బురద చేసిండ్రు. ఆ గొంగడిని గోలెంల జాడిచ్చి నేనింత పక్కకు జరపకపోతే, దేవుడు వద్దన్నట్టే అయితుండె!”