లక్ష్మణరావు పిస్టల్ బేరం

ఆదివారం మధ్యాహ్నం రెండయింది. భూగోళం అడుగు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో వాన అడ్డంగా పడుతోంది. దక్షిణం గాలి వీచే ఆ ఊళ్లో వాన పైనుంచి కిందికి పడేది తక్కువ. విజయకుమార్ తన గరాజ్‌లోంచి కారు బయటపెట్టి, తలుపు సగం దించి, హీటర్ పెట్టి, దాని చుట్టూ ఐదు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. మిరపకాయ బజ్జీలు హిమజ తెచ్చింది. టీ ఫ్లాస్కు రాజశ్రీది. కథ మాత్రం, ఎప్పటిలాగే, రాజశ్రీ భర్త లక్ష్మణరావుది.

లక్ష్మణరావుది తెనాలి. యాభై రెండేళ్లు. పాలపొడి ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూస్తాడు. ఎనిమిది నెలలుగా పిస్టల్ క్లబ్బుకి వెళ్తున్నాడు. ఈ దేశంలో పిస్టల్ కొనాలంటే డబ్బుంటే చాలదు. ముందు క్లబ్బులో చేరాలి, ఆర్నెల్లు అక్కడి పిస్టల్‌తోనే నేర్చుకోవాలి, తర్వాత పోలీసులకి అర్జీ పెట్టుకోవాలి. వాళ్లొచ్చి ఇంట్లో పిస్టల్ దాచే ఇనప్పెట్టె చూస్తారు. ఈయన ఎలాంటి మనిషని భార్యని అడుగుతారు, బంధువు కాని ఇంకొకరిని కూడా అడుగుతారు. ఆ ఇంకొకరి పేరు రాయాల్సిన చోట లక్ష్మణరావు శ్రవణ్ పేరు రాశాడు. మంగళవారం పొద్దున పదింటికి పోలీసు ఆఫీసరు శ్రవణ్ ఇంటికి వస్తోంది.

హిమజ మొగుడు శ్రవణ్‌కి రెండు రోజులుగా ఆ పదింటి ఆలోచనే. చదువుకోడానికి వచ్చిన మొదటి చలికాలంలో, ఫ్లాట్ దొరికేదాకా, ఆరు వారాలు లక్ష్మణరావు ఇంట్లోనే తిన్నాడు. మంచు పట్టిన రోడ్డు మీద కారు జారకుండా ఆపడం నేర్పింది ఆయనే. ఇప్పుడు క్లబ్బువాళ్లు డనీడిన్ ఊళ్లో జరిగే పోటీకి ఆయన్ని టీములోకి తీసుకుంటామన్నారు, సొంత పిస్టల్ ఉంటేనే. వచ్చిన పదకొండేళ్లలో ఇక్కడివాళ్లు ఆయన్ని ఏ టీములోకైనా పిలవడం ఇదే మొదలు. పోలీసులు ఒప్పుకోకపోతే ఆ చోటు పోతుంది. శ్రవణ్ ఆఫీసరుకి నిజమే చెప్పాలి. నోరు తెరిస్తే కోతలు కోస్తాడన్న ఆ నిజం వల్ల ఆయన పని చెడకూడదు. ఈ రెండూ కుదిరే దారి అతనికి ఇంకా దొరకలేదు.

"పెద్ద గొప్పేం కాదులే," అని మొదలుపెట్టాడు లక్ష్మణరావు. ఆయన కథలన్నీ అలాగే మొదలవుతాయి. "మొన్న శనివారం తుపాకుల షాపుకెళ్లా. బడ్జెట్ తొమ్మిది వందల డాలర్లు. మీ ఆంటీ శాంక్షన్ చేసింది అంతే. ఆ డబ్బుతో సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొనడమంటే రెండు కేజీల బియ్యమిచ్చి వందమంది పెళ్లికి వండమన్నట్టే."

"సెమీ ఆటోమేటిక్ అంటే ఏంటంకుల్?" అంది హిమజ.

"నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుందమ్మా. ఖాళీ తొడుగు అదే బయటికి పారేసుకుంటుంది, తర్వాతి బుల్లెట్ అదే ఎక్కించుకుంటుంది. మన పని నొక్కడమే."

"మా ఇంట్లో వాషింగ్ మెషిన్ దగ్గర కూడా ఈయన పని అదే," అంది రాజశ్రీ.

లక్ష్మణరావు వినిపించుకోలేదు. "షాపువాడు మూడు తీసి చూపించాడు. మొదటిది తళతళలాడిపోతోంది, పద్దెనిమిది వందలు. పెట్టెలో పెట్టెయ్ నాయనా అన్నా. రెండోది కొత్తదే, చవకే, కానీ నైన్ ఎమ్మెమ్, లావు బుల్లెట్లది. పిస్టల్ కొనగలం గానీ బుల్లెట్లు కొనలేం. గేదెని ఊరికే ఇస్తాను, గడ్డి సంగతి నువ్వు చూసుకో అన్నట్టు. మూడోది ఇరవై ఏళ్లనాటి ఇటలీ సరుకు, పాయింట్ టూ టూ, సన్న బుల్లెట్లది. పాతదే, కానీ బుల్లెట్లు పల్లీల రేటు. ధర తొమ్మిది వందల యాభై. చవక పిస్టల్ చూడకూడదు, చవగ్గా మేసే పిస్టల్ చూడాలి. అదీ రహస్యం."

శ్రవణ్‌కి ప్రాణం తేలికపడింది. లెక్క తెలిసిన మనిషి, నిదానమైన మనిషి. ఇక్కడితో ఆపితే ఇదే మాట మంగళవారం చెప్పొచ్చు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు లక్ష్మణరావు.

"ఆపండి అంకుల్, బజ్జీ చల్లారిపోతోంది," అన్నాడు శ్రవణ్.

"చల్లారనీ. మూడోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని, దాని పైన స్లైడ్ ఉంటుందే, దాన్ని రెండుసార్లు వెనక్కి లాగి వదిలా. లోపల స్ప్రింగు నాతో మాట్లాడింది. అయ్యా, నేను అలిసిపోయాను, ఇంకో నాలుగు వందల దెబ్బలకి మించి నావల్ల కాదు, అంది."

"తెలుగులోనా?" అన్నాడు విజయకుమార్.

"ఇటలీది గదండీ. భావం అందింది. షాపువాడికి చెప్తే నవ్వాడు. లోపలికి తీసుకెళ్లి ఏదో మిషనులో పెట్టి కొలిచాడు. తెల్లమొహం వేసుకుని బయటికొచ్చాడు. మూడు వందల తొంభై ఎనిమిది!"

"అయితే రెండు తప్పారు," అన్నాడు విజయకుమార్.

"తప్పానా? రెండుసార్లు లాగింది నేనే కదా!"

హిమజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాజశ్రీ ఫ్లాస్కు మూత బిగించింది.

"ఇక బేరం. ఇక్కడివాళ్లకి బేరం తెలీదు, చీటీ మీద ఉన్నదే వేదం. నేను తెనాలి కూరగాయల మార్కెట్లో పెరిగినవాణ్ణి. స్ప్రింగు పోయినదానికి మూడు వందలు చాలన్నా. వాడు ఎర్రబడ్డాడు. నేను విసురుగా గుమ్మం దాకా వెళ్లా, వెనక్కి పిలుస్తాడని. పిలవలేదు. గుమ్మంలో ఆగి బూటు లేసు కట్టుకున్నా. పిలవలేదు. రెండో బూటు కూడా కట్టుకున్నా. అప్పుడూ పిలవలేదు. పాపం, వాడికి పద్ధతి తెలీదు గదా! నేనే వెనక్కొచ్చి, ఇదిగో నాయనా, మనిషి గుమ్మం దాకా వెళ్తే పిలవాలి, అని నేర్పించా. మళ్లీ వెళ్లా. ఈసారి పిలిచాడు!"

"ఎంతకి తెగింది?" అన్నాడు విజయకుమార్.

"నాలుగు వందల యాభై. కొత్త స్ప్రింగు వాడిదే. పైన బుల్లెట్లు నింపే మ్యాగజైన్లు రెండు, తోలు ఒర, వంద బుల్లెట్లు, గోడ మీద క్యాలెండరు. షాపులో ఉన్న తెల్లవాళ్లంతా నా చుట్టూ మూగారు, మాక్కూడా నేర్పమని. సాయంత్రానికి చూడాలి, సూపర్‌మార్కెట్లో కూడా జనం పాల ప్యాకెట్ వదిలేసి గుమ్మం దాకా వెళ్లి లేసులు కట్టుకుంటున్నారు!"

"నేను నిన్న సాయంత్రమే వెళ్లాను, అక్కడెవరూ వంగి కనపళ్లేదే," అన్నాడు విజయకుమార్.

"నిన్నటికి అందరూ చెప్పుల్లోకి మారిపోయారండీ, టైమ్ కలిసొస్తుందని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త పిస్టల్ క్లబ్బుకి తీసుకెళ్లా. పది దెబ్బలు కొట్టా. గురి కాగితం తెచ్చి చూస్తే ఒకటే చిల్లు. మా షూటింగ్ రేంజ్ చూసే పెద్దాయన తొమ్మిది మిస్ అని రాశాడు. వెనక మట్టిగట్టు తవ్వండి అన్నా. తవ్వితే ఏముంది, పది బుల్లెట్లూ రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి!"

బయట గాలి గరాజ్ తలుపుని ఒక్క కుదుపు కుదిపింది. లక్ష్మణరావు అటు చూసి, చెయ్యి ఎత్తాడు.

"ఇదే గాలి! మొన్న బుధవారం ఇలాగే ఎదురు కొడుతోంది. అయినా కొట్టా. బుల్లెట్ వెళ్లింది, కాగితానికి చిల్లు పెట్టింది, అవతలికెళ్లింది, అక్కడ గాలి అడ్డం కొట్టింది, ఆగింది. కాసేపు ఆలోచించింది. వెనక్కి తిరిగి అదే చిల్లులోంచి వస్తోంది. నేను కంగారుపడతానా? మ్యాగజైన్ ఊడదీసి ఇలా పట్టా. టక్కున కూచుంది. అప్పట్నుంచి ఆ ఒక్క బుల్లెట్‌తోనే నడిపిస్తున్నా. మిగతా ఎనభై తొమ్మిదీ డబ్బాలో అలాగే ఉన్నాయి. బడ్జెట్ అంటే అదీ! ఈ సంగతి పాకి, మొన్న మా ఇంటికొచ్చిన పోలీసు ఆఫీసరమ్మ ఇనప్పెట్టె చూడ్డమే మానేసి, మిస్టర్ రావ్, మా డిపార్ట్‌మెంట్‌కి కూడా బడ్జెట్ తక్కువే, మాక్కూడా ఓ పిస్టల్ మీరే చూసిపెట్టాలి, అని కుర్చీ లాక్కుని..."

"అంకుల్," అన్నాడు శ్రవణ్. గొంతు అతను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఆవిడే ఎల్లుండి మా ఇంటికొస్తోంది."

"రానీ. ఇదంతా చెప్పు."

"అదే అడుగుదామని. మీకు పర్మిషన్ ఇంకా రాలేదు. అది రాకుండా పిస్టల్ కొని ఇంట్లో పెట్టుకుంటే నేరం. మీరు వారం కింద కొన్నానంటున్నారు. ఆవిడ అడిగితే కొన్నారని చెప్పమంటారా, కొనలేదని చెప్పమంటారా?"

లక్ష్మణరావు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, కనపడని మ్యాగజైన్‌ని పట్టుకుని.

"కొన్నారంటే కేసు. కొనలేదంటే కోత," అన్నాడు విజయకుమార్, ఇంకో బజ్జీ అందుకుంటూ. "ఏదో ఒకటి తేల్చండి లక్ష్మణరావు గారూ."

చెయ్యి మెల్లగా ఒళ్లోకి దిగింది.

"కొనలేదు."

"నాలుగు వందల యాభై?" అంది హిమజ.

"తొమ్మిది యాభై. సెంటు తగ్గలేదు."

"లేసులు?"

"కట్టుకున్న మాట నిజమే. రెండు బూట్లవీ."

"పిలవలేదా?"

"పిలవలేదు. కార్లో పది నిమిషాలు కూచున్నా, వస్తాడేమోనని."

"స్ప్రింగు మాట్లాడ్డం మాటేంటి అంకుల్?" అన్నాడు శ్రవణ్. ఈ ఒక్కటి అతనికి తప్పనిసరిగా తేలాలి. "మీకేమైనా లేని గొంతులు వినిపిస్తాయా అని కూడా అడుగుతారట."

"ఒరేయ్, అసలు చేతిలోకి తీసుకుంటేగా! బీరువా అద్దంలోంచి చూశా. ఒకసారి ఇవ్వమని అడుగుదామనుకున్నా. వాడు వేరేవాళ్లతో మాట్లాడుతున్నాడు."

"మరి ఒకటే చిల్లు?"

"క్లబ్బు పిస్టల్‌తో. పదికి ఆరు కాగితం మీద పడ్డాయి." ఆగి, "ఏడు," అన్నాడు. రాజశ్రీ వైపు చూసి, "ఆరే," అన్నాడు.

అందరూ నవ్వారు. రాజశ్రీ మాత్రం నవ్వకుండా ఆయన కప్పులో టీ పోసింది.

"నేనోసారి వెళ్లి చూశాను, ఆ క్లబ్బుకి," అంది. "అక్కడ ఈయన్ని క్వయట్ రావ్ అంటారు. వస్తాడు, చెప్పిన చోట నిలబడతాడు, చెప్పింది వింటాడు. పిస్టల్ ఖాళీగా ఉందో లేదో మూడుసార్లు చూసి గానీ కింద పెట్టడు. యెస్, నో, థాంక్యూ. ఇంకో మాట లేదు. ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చి, మీ ఆయనంత జాగ్రత్త మనిషిని చూళ్లేదు, కానీ ఇంట్లో మాట్లాడతాడా, అని అడిగాడు."

"మీరేమన్నారు ఆంటీ?" అంది హిమజ.

"మాట్లాడ్డం ఆపిన రోజు మీకు చెప్తానన్నాను."

లక్ష్మణరావు టీ తాగలేదు. కప్పు రెండు చేతుల మధ్య పట్టుకుని, "మరి ఎల్లుండి ఏం చెప్తావురా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన అడగడం శ్రవణ్ ఎప్పుడూ వినలేదు.

రెండు రోజులుగా దొరకని దారి ఇప్పుడు శ్రవణ్‌కి ఎదురుగానే కనిపిస్తోంది.

"ఉన్నదే చెప్తాను అంకుల్. ఈయన తెలుగులో చెప్పింది ఒక్కటీ నమ్మకండి, ఇంగ్లీషులో మాత్రం ఒక్క అబద్ధం కూడా ఆడలేడు, అని."

లక్ష్మణరావు అప్పుడు టీ ఒక గుక్క తాగాడు.

"ఆవిడకి తెలుగు రాదు కదా?" అన్నాడు.