కల్నల్ ఏరి పారేసిన నూట నలభై

నేను మందుల షాపులో కంపౌండరుగా చేరి అప్పటికి పదకొండు రోజులు. పక్కనే టీ కొట్టు. షట్టరు ఎత్తే ముందు అక్కడో గ్లాసు తాగడం అలవాటైపోయింది. కొట్టు నడిపే ఆవిడ అందరికీ అక్క. బల్ల మీద రోజూ ఇద్దరు కనిపిస్తారు. ఒకాయన ఎదుటి షాపు దర్జీ, ఇంకొకాయన మూల మీద సెలూను అతను. ఆ రోజు వాళ్లిద్దరి మధ్యా కల్నల్ కూర్చుని ఉన్నాడు.

ఆయన ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. ముప్పై రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి రిటైరయ్యాడు. సైనికుల పాత యూనిఫారాలు పోగెయ్యడం ఆయన పిచ్చి, అందుకే ఆ పేరు. నన్ను చూడగానే జరిగి చోటిచ్చాడు. కొత్త చెవులు దొరికాయన్న సంబరం ఆయన ముఖంలో తెలిసిపోతోంది.

"కూర్చోండి కంపౌండరుగారూ, మంచి సమయానికి వచ్చారు. నిన్న ఒక్క పూటలో నా యూనిఫారాల్లో తక్కువ రకాలన్నీ ఏరి పారేశాను. నూట నలభై! ఎందుకంటారా? మా ఆవిడకి మోకాలి ఆపరేషనైంది. రేపు ఆస్పత్రి నుంచి పంపించేస్తున్నారు. మెట్లెక్కకూడదన్నారు. కింద ఉన్నది ఒక్కటే గది, అందులో నిండా నా పటాలమే. 'నేనొచ్చేసరికి ఆ గదిలో నా మంచమైనా ఉండాలి, మీ పటాలమైనా ఉండాలి' అంది, కాలికి కట్టుతో పడుకుని. నేను ఆవిడ మాట ఏనాడైనా జవదాటానా?"

"దాటితే ఈపాటికి మీటరు బోర్డు కిందే పడుకునేవాడివి" అన్నాడు దర్జీ. ఆయన కల్నల్‌కి చిన్ననాటి స్నేహితుడు.

"నువ్వుండరా. చూడండి సార్, పోగెయ్యడం ఎవడైనా చేస్తాడు, తగ్గించడంలోనే ఉంది పనితనమంతా. ఒకే రకం నిక్కర్లు ముప్పై ఉన్నాయనుకోండి, దాన్ని సేకరణ అనరు, ఉతికే బట్టల మూట అంటారు. గుండీలు ఊడినవి, చిమ్మటలు కొట్టినవి, పై కోటు ఒక దళానిదీ కింద ప్యాంటు ఇంకో దళానిదీ అయి జత కుదరనివి, గోదాముల్లో మిగిలిపోతే టోకున వదిలించుకున్నవి, ఇవన్నీ తక్కువ రకం. మెడ లోపల ముద్ర, తొడుక్కున్నవాడి పేరు, ఉండాల్సిన గుండీలన్నీ ఉన్న కోటు ఒక్కటుంటే చాలు, ఈ నూట నలభై దాని ముందు దిగదుడుపే."

"అన్నిటినీ ఒక్క పూటలో ఎలా ఏరారండీ?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఎలా ఏమిటి? కళ్లు మూసుకుని! తలుపు వేసి, దీపం ఆర్పి, ముక్కుతో ఏరాను. ఉన్ని కోటు ఒక్కసారి వాసన చూశానంటే ఏ ఏడు నేసిందో, తొడుక్కున్నవాడు సిపాయో సేనాపతో, వాడికి ఇంటి మీద బెంగ ఎక్కువో, ఆకలెక్కువో చెప్పేస్తాను. గంటలో ఆరు పెట్టెలు తేల్చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడో పెట్టె మూత తీశాను. చిమ్మటలు!"

"ఎన్ని మావయ్యా?" అన్నాడు సెలూను అతను.

"ఎన్నని అడగవోయ్, ఎలా ఉన్నాయని అడుగు. మామూలు కొంపల్లో చిమ్మటలైతే మూత తియ్యగానే చెల్లాచెదురైపోతాయి. ఇవి ముత్తాతల నాటి నుంచీ పటాలం ఉన్ని తిని పెరిగినవి. ముగ్గురేసి వరస కట్టి బయటికొచ్చాయి. ముందు నడిచేది అధికారి. అది భుజం పట్టీ తిన్నదన్నమాట, అందుకని దానికి ఆ హోదా. నా ముక్కు ముందుకొచ్చి ఆగింది. ఎగరదు, కదలదు. చూశాను, చూశాను, అప్పుడు వెలిగింది నాకు. ఆర్డరు లేనిదే అది కదలదు! 'సెలవు!' అన్నాను. అంతే, కుడి రెక్క ఇలా నుదుటికి ఆనించి, వెనక్కి తిరిగి, బారులు తీరి కిటికీలోంచి వెళ్లిపోయాయి. ఆఖరుది పోతూ పోతూ కిటికీ తలుపు వేసి మరీ వెళ్లింది."

"గడియ కూడా పెట్టిందా?" అంది అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"లోపలి గడియ బయటి నుంచి ఎలా పెడుతుందమ్మా? నమ్మేట్టు మాట్లాడు. సరే, తక్కువ రకమైనా మురికిగా ఇచ్చెయ్యడం మర్యాద కాదు కదా. నూట నలభై ఉతికాను. డాబా మీద ఈ కొస నుంచి ఆ కొసకి తాళ్లు కట్టి ఆరేశాను. గాలి లేచింది. చేతుల్లో గాలి, కాళ్లలో గాలి, ఒక్కొక్కటీ ఛాతీ విరుచుకుని నిలబడింది. సరిగ్గా అదే సమయానికి కింద రోడ్డు మీద నిజం సైన్యం, పదిహేను లారీలు, ఎక్కడికో పోతోంది. ముందు లారీలో అధికారి తలెత్తి చూశాడు. డాబా మీద ఇంకో పటాలం! బ్రేకు వేయించి దిగాడు. నిటారుగా నిలబడి సెల్యూటు కొట్టాడు. గాలికి మన పెద్ద కోటు చెయ్యి లేచి తిరిగి కొట్టింది. ఇంకేముంది, పెద్ద కోటు చెయ్యి దించితే గానీ ఆయన దించకూడదు, అది రూలు. గాలి ఆగితే గానీ ఇది దించదు. ఎండ నడినెత్తికొచ్చింది. పాపం, ఆ మనిషి చెయ్యి వణుకుతోంది, కళ్లలో నీళ్లు. నాకే జాలేసి పిట్టగోడ చాటు నుంచి 'ముందుకు నడువ్!' అని అరిచాను. లారీలు అక్కడే వదిలేసి అందరూ నడక!"

"ఆగమని ఎప్పుడన్నావు?" అన్నాడు దర్జీ.

"అదేరా మర్చిపోయాను! గుండీలు లెక్కచూసుకోవడంలో పడ్డాను. ఆఖరికి ఎక్కడో సముద్రం ఒడ్డు నుంచి ఫోను. 'అయ్యా, నడుం లోతు నీళ్లలో ఉన్నాం, ఇంకా ముందుకేనా?' అని."

"ఇదంతా నిన్న ఒక్క పూటలోనే జరిగిందా?" అన్నాను.

"పని తెలిసినవాడికి పూట చాలా పెద్దదండీ. వినండి, అసలు కథ ఇప్పుడుంది. మూటలు కట్టి గుమ్మంలో పెట్టానో లేదో, రెండు కార్లు వచ్చి ఆగాయి. ఒకదాంట్లోంచి తూర్పు దేశం సేనాపతి దిగాడు, రెండోదాంట్లోంచి పడమటి దేశం సేనాపతి. ఇద్దరికీ మధ్య ఒక గంటలో యుద్ధం. ఇద్దరి దగ్గరా తుపాకులున్నాయి, బట్టల్లేవు. 'మీ తక్కువ రకాలే మాకు మహాభాగ్యం' అన్నారు. గుండీ లేని నిక్కరు ఒకటుంటే దాన్ని చెరో కాలూ పట్టుకుని లాగుతున్నారు. మీసాలు ఎలా వణుకుతున్నాయనుకున్నారు!"

"చిరిగిందా?" అన్నాడు సెలూను అతను.

"చిరగదూ? అలా నా సరుకు నూట నలభై కాస్తా నూట నలభై ఒకటైంది. 'ఆగండయ్యా, చిన్నపిల్లల్లా ఏమిటిది' అని ఇద్దర్నీ కూర్చోబెట్టి, చెరి సగం పంచాను. వాటిని చూసి వాళ్ల దర్జీలు లక్షలకి లక్షలు కుట్టారు. ఇదిగో మనవాడిలా కాదు, చెప్పిన రోజుకి ఇచ్చే దర్జీలు. తీరా సరిహద్దులో ఎదురెదురుగా నిలబడ్డాక ఏముంది? అటూ అదే రంగు, ఇటూ అదే రంగు. అదే కోటు, అదే చోట చిమ్మట కొట్టిన చిల్లు! ఆ చిల్లు కూడా చూసి కుట్టేశారు. ఇప్పుడు ఎవరు ఎవర్ని కాల్చాలి? 'నువ్వు మావాడివా?' 'ఏమో, నువ్వే మావాడివేమో!' అని అడిగి అడిగి నోళ్లెండిపోయి, తుపాకులు కింద పడేసి టీ పెట్టుకున్నారు. ఇళ్లకి వెళ్లే వేళకి ఎవరు ఎటు పోవాలో తెలియక సగం మంది అవతలి దేశానికి పోయారు. పోయి ఊరుకున్నారా? అక్కడ కాపురాలు సర్దుకుని ఇవాళ పొద్దున్నే పిల్లల్ని బళ్లో కూడా వేసేశారు!"

సెలూను అతనికి టీ పొలమారింది. దర్జీ వీపు మీద చరిచాడు.

"నవ్వండి, నవ్వండి. యుద్ధం ఆగిందా లేదా? రెండు దేశాలూ కలిసి నాకో పతకం ఇచ్చాయి. బంగారంది, ఇంత!" అంటూ బల్ల మీదున్న పళ్లెం ఎత్తి చూపించాడు.

"ఒకసారి చూపిస్తారా?" అన్నాను. చెప్పొద్దూ, అప్పటికి నాకూ కొంచెం ఆశ పుట్టింది.

"నిన్నటి పతకమండీ, దానికి చరిత్రేముంది? తక్కువ రకం. దాన్నీ పారేశాను."

అందరం విరగబడి నవ్వాం. అక్క మాత్రం నవ్వలేదు. స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది.

"యుద్ధం ఆపావు, సంతోషం అన్నయ్యా. మరి నా వెనక గదిలో చక్కెర బస్తాల మీదున్న ఆరు మూటలు ఏ దేశానివి?"

కల్నల్ గ్లాసు పెదవుల దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"మా ఆయన చేత మోయించావట. నాకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావట. పొద్దున్న చక్కెర కోసం వెళ్తే మూటలోంచి ప్యాంటు కాలొకటి వేలాడుతోంది. మనిషెవడో పడుకున్నాడని గరిటెతో కొట్టాను."

"ఆరా?" దర్జీ లేచి నిలబడ్డాడు. "ఒరేయ్, మిగిలినవి ఇవేనన్నావు కదరా! నా మిషను కింద నాలుగు మూటలు తోశావు. కాళ్లు పెట్టుకునే చోటు లేక నిన్నటి నుంచీ పక్కకి తిరిగి కూర్చుని కుడుతున్నాను. నడుం పట్టేసింది."

సెలూను అతను నెత్తి గోక్కున్నాడు. "నాతోనూ ఇవేనన్నారు మావయ్యా. మూడు పెట్టెలు. పైన దుప్పటి కప్పి వచ్చినవాళ్లని వాటి మీదే కూర్చోబెడుతున్నాను."

ముగ్గురూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. కల్నల్ గ్లాసు కింద పెట్టాడు. ఇందాకటి గొంతు లేదు.

"పారేద్దామనే తీశానమ్మా. మీ మీదొట్టు. గేటు దాకా మోసుకెళ్లాను. పాత బట్టలవాడు తక్కెడ తీశాడు, తూచుతానని. తూచడమేమిటి? మొదట చేతికొచ్చింది జత లేని నిక్కరే, నాకూ తెలుసు. కానీ జేబు లోపల అతుకుంది. ఎవడో తన చేత్తో తనే వేసుకున్నాడు, వంకరటింకరగా, సూది పట్టడం రాని చేత్తో. దాన్ని తక్కెట్లో వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఒకటి వెనక్కి తీశాను. ఇంకొకటి తీశాను. అలా..."

"అలా నూట నలభై" అన్నాడు దర్జీ, మళ్లీ కూర్చుంటూ.

"మరి వదిన గది సంగతేమిటి?" అంది అక్క.

"గది ఖాళీయే. మంచి రకాలన్నీ పైకి చేర్చాను, మేడ నిండిపోయింది. రెండుసార్లు కడిగాను. మంచం కిటికీ పక్కన వేశాను, కాలు చాపుకుంటే రోడ్డు కనబడేట్టు. ఇది మాత్రం కోత కాదమ్మా, కావాలంటే వచ్చి చూడు. ఆ గదిలో ఒక్క దారం పోగు లేదు."

అక్క ఆయన గ్లాసు నిండా మళ్లీ టీ పోసింది. "వదిన నిలబడి నడిచేదాకా నోరెత్తను. కానీ నా గది ఇవాళే ఖాళీ చెయ్యాలి. మధ్యాహ్నం కొత్త బస్తాలు దిగుతున్నాయి. ఆ ఆరూ ఎక్కడ పెడతావో నీ ఇష్టం."

"నా వైపు చూడకు" అన్నాడు దర్జీ.

"నా వైపూ వద్దు" అన్నాడు సెలూను అతను.

షట్టరు ఎత్తే వేళైందని నేను లేచాను. కల్నల్ నా చెయ్యి పట్టుకుని, ఎంతో ఆప్యాయంగా మళ్లీ కూర్చోబెట్టాడు.

"అవునూ కంపౌండరుగారూ, మీరు దిగిన వాటాలో అటక ఉండాలే. ఖాళీయేనా?"