ముప్పై కిలోల బాజా

తాండూరు బస్టాండు. వికారాబాదు బస్సు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది. మెట్టు దగ్గర కండక్టరు అంజలి, బండల పాలిషు పని చేసే కిష్టప్ప, అతని కూతురు సింధుజ.

"అగో అగో, ఆగు పెద్దాయనా! ఏంది గది? బస్సుల బండ ఎక్కిస్తవా?"

"బండ కాదు మేడం. బాజా."

"బాజానా? తాండూర్ల పుట్టి పెరిగినదాన్ని, నాకు బండ తెల్వదా?"

"బండతోని చేసిన బాజా. జర జరుగుండ్రి మేడం, చేతులు గుంజుతున్నయ్. లోపల సామాను ఉన్నది, నిమ్మళంగ పెట్టాలె."

"నువ్వు ఆగు నాయినా, నేను చెప్త. అక్కా, అది సింథు. సింథసైజర్. కరెంటుతోని సప్పుడు పుట్టిస్తది. పాలిటెక్నిక్ అయినకాంచి ఏడాది కూసొని నేనే చేసిన. వికారాబాద్ల పదకొండు గంటలకు పోటీ ఉన్నది, ఎవరి చేతులతోని వాళ్లు చేసిన బాజాలకు."

"నువ్వు చేసినవా చెల్లె? మస్తు. మరి బండ ఎందుకు?"

"అది... మా నాయిన్నే అడుగు."

"నేను చెప్త మేడం. దీనికొక డబ్బ చేసియ్యి నాయినా అని అడిగింది. కట్టెతోని చేస్తె చెదలు పడ్తది. రేకుతోని చేస్తె జంగు పడ్తది. ఇరవై రెండేండ్ల సంది బండలు పాలిష్ కొడుతున్న, నా బిడ్డకు బండతోని కాక ఇంక దేంతోని చేస్త? నీలం బండ, ఒక్క మచ్చ లేదు. అడుగు, మూత, నాలుగు దిక్కులు, అన్ని నేనే కోసిన. మొఖం చూస్కొని తల దువ్వుకోవచ్చు."

"బరువెంత?"

"ఎక్వ లేదు."

"ఎక్వ లేదంటె?"

"ముప్పై కిలోలక్కా."

"ముప్పయ్యా! దాన్ని మెడకు ఏస్కొని వాయిస్తవా చెల్లె?"

"టేబుల్ మీద పెట్టి వాయిస్తరు."

"ఆ టేబుల్ గూడ బండదేనా?"

"టేబుల్ గురించి ఇంక ఆలోచన చెయ్యలే మేడం."

"నాయినా!"

"సరె, నా మాట ఇను పెద్దాయనా. చెల్లె ఆధార్ చూపిస్తె జీరో టికెట్ కొడ్త, ఆడోళ్లకు ఫ్రీ. నీకు టికెట్ కొడ్త. బండకు మాత్రం బస్సుల జాగ లేదు."

"బండ గూడ ఆడదే మేడం."

"ఏందీ?"

"మూత మీద పేరు చెక్కిచ్చిన. చదువుండ్రి."

"నాయినా, తువ్వాల తియ్యకు! అందరు చూస్తున్నరు!"

"చూడనియ్యి. చదువుండ్రి మేడం."

"'కుమారి సింధుజ. తండ్రి కిష్టప్ప. జననం 2004...' అయ్యో దేవుడా! చెల్లె, గిది సమాధి బండ!"

"కాదక్కా! చెక్కినాయన బీరయ్య మామ. ఆయన సమాధులకే చెక్కుతడు. మామా, పేరు ఒక్కటే చెక్కు అని పదిసార్లు చెప్పిన. చెయ్యి అలవాటుల జననం గూడ చెక్కిండు."

"జననం పక్కన గీత కొట్టి జాగ ఇడిచిండు గద!"

"అదే అక్కా. ఆ ఖాళీ జాగ చూసినప్పుడల్లా నాకు గుండె దడ."

"గీతనే గద బిడ్డ. పాపం బీరయ్య, తప్పు తెల్సినంక మూడు దినాలు నాకు మొఖం చూపియ్యలే."

"అగో చూడు, మూడో సీట్ల అవ్వ దండం పెడ్తుంది."

"అవ్వా, పెట్టకు! నేను బతికే ఉన్న!"

"నవ్వొస్తుంది చెల్లె, ఏమనుకోకు. పోటీల గెలిస్తె ఏమిస్తరు?"

"ఇచ్చుడు ఏం లేదు. తీస్కపోతరు. హైదరాబాద్ల సింథులు చేసే కార్ఖానా ఉన్నది. ఏడాది పెట్టుకొని పని నేర్పిస్తరు. ఇరవై మంది వస్తున్నరు, ఒక్కరినే తీస్కుంటరు."

"నువ్వు పంపిస్తవా పెద్దాయనా?"

"ముందు బండ ఎక్కనియ్యుండ్రి మేడం."

"అడిగినదానికి జవాబు చెప్పు."

"ఆయన చెప్పడక్కా. హైదరాబాద్ అని నోట్లకెల్లి వస్తె చాలు, లేసి బయటికి పోతడు. నెల దినాల సంది గిదే కథ."

"ఎండ ముదురుతుంది మేడం. ఎక్కియ్యాల్నా వద్దా?"

"ఎక్కియ్యి తండ్రీ, ఎక్కియ్యి. డ్రైవర్ సాబ్ హారన్ కొడుతుండు. ఇంజను పక్కకు పెట్టు. బ్రేకు కొడితె ఎవరి కాలి మీద పడ్తదో ఏమో, దాన్ని పట్టుకొని నువ్వు కిందనే కూసోవాలె."

"కూసుంట."

"చెకింగోళ్లు ఎక్కితె ఏం చెప్తవ్?"

"సమాధి అని చెప్త. సమాధిని ఎవరు దించుతరు?"

బస్సు ధారూరు దాటింది.

"చెల్లె, జర వాయించి చూపియ్యరాదు. ముప్పై కిలోలు ఎక్కిచ్చిన, ఒక్క పాటన్న ఇనొద్దా?"

"ఇప్పుడొద్దక్కా. తాడు కట్టి ఉన్నది."

"తాడు నేనే కట్టిన, నేనే ఇప్పుత. వాయియ్యి బిడ్డ."

"వద్దు నాయినా! బ్యాటరీ... బ్యాటరీ తక్కువున్నది."

"నిన్ననే కొత్తయి ఏసిన అంటివి."

"ఏసిన. అయినా ఇప్పుడే అయిపోతె పోటీల ఎట్ల? బస్సు సప్పుడుల ఇనరాదు గూడ."

"ఎందుకు ఇనరాదు? పోయిన వారం మీ నాయినమ్మ రెండు గల్లీల అవతల ఉండి ఇన్నది. ఎవరి గొర్రెనో మంద తప్పిపోయినట్టున్నది, జర చూడుండ్రి అని మనుషులను తోలింది."

"అది గొర్రె కాదు నాయినా! ఫిల్టరు తిప్పితె గట్ల సాగుతది సప్పుడు."

"మా తాతల కాలం సంది గొర్లు కాసినోళ్లం బిడ్డ. ఫిల్టరో గిల్టరో, అది గొర్రెనే. అది గూడ పిల్ల తప్పిపోయిన గొర్రె."

"ఇంతకు లోపల ఏమేమున్నయ్ చెల్లె?"

"నేను చెప్త మేడం. మా ఇల్లు మొత్తం లోపలనే ఉన్నది. తిప్పే బటన్లు మా నాయిన రేడియోవి. మెట్లు పాడైన పిల్లల బొమ్మ కీబోర్డుయి. స్ప్రింగు మా కిటికి పర్దది."

"పర్ద స్ప్రింగా!"

"మారుమోగనీకె అక్కా. సప్పుడు ఆ స్ప్రింగులకెల్లి పోయి మల్ల వస్తె, పెద్ద హాలుల పాడినట్టు ఉంటది."

"మా కాశమ్మ పర్దకు మొలలు కొట్టింది మేడం. మా కిటికి ఇగ తెరవరాదు."

"అమ్మకు కొత్త స్ప్రింగు తెస్త అని చెప్పిన గద."

"ఏడాది సంది చెప్తున్నవ్."

"ఇగ ఒడువయా మీ పంచాయితీలు? చెల్లె, ఒళ్లె ఆ సంచి ఏంది? పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నవ్. ఇటియ్యి, పైన పెడ్త."

"వద్దొద్దక్కా! అన్నం డబ్బా. సాంబార్ ఒలుకుతది."

"మీ అమ్మ సాంబార్ చేసిందా? నాకు చెప్పలే."

"చేసింది నాయినా. కొంచమే చేసింది."

"వాసన వస్తలేదు."

"మూత గట్టిగ పెట్టిన."

"ఆఁ. మంచిది. మేడం, మీకొక ముచ్చట చెప్పాలె. మా సేటు ఒకసారి పాలిష్ మిషన్‌ను ఇనుప స్టాండు మీద బిగిచ్చిండు. బటన్ ఒత్తినమో లేదో, కూ అని ఒక్కటే ఒర్లుడు. పక్క కార్ఖానోళ్లు ఉరికొచ్చిండ్రు, ఎవరి చెయ్యి పోయిందో అని. మల్ల దించి బండ మీద బిగిచ్చినం. గమ్మునున్నది."

"ఎందుకట్ల?"

"మిషను ఒణుకుతది గద. బండ ఆ ఒణుకును మింగుతది. ఇనుము మింగదు, తిరిగి ఒర్లుతది. స్టీలు డబ్బ అయితె ఇంకా ఘోరం."

"నాయినా, పాలిష్ మిషను వేరు, సింథు వేరు. అన్నింటికి మీ కార్ఖానా ముచ్చట తేకు."

"స్ప్రింగు స్ప్రింగే గద బిడ్డ. పక్కకే స్పీకరు పెట్టి వాయిస్తరు. దాని ఒణుకు స్ప్రింగుకు తాకదా?"

"ఏం తాకదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చూసిన, మంచిగనే ఉన్నది."

"దేంట్ల పెట్టి చూసినవ్?"

"ఏంది?"

"సింథును దేంట్ల పెట్టి చూసినవ్ అంటున్న."

"బండలనే. ఇంక దేంట్ల పెడ్త?"

"ఆఁ."

"ఏంది, ఆఁ?"

"ఏం లేదు బిడ్డ. ఆఁ."

వికారాబాదు బస్టాండు. టైము పదీ నలభై.

"ఎంతమందిని అడిగినవ్ నాయినా?"

"నలుగురు ఆటోలోళ్లను అడిగిన. ముగ్గురు ఆ దిక్కు రామన్నరు. ఒకాయన వస్తనన్నడు గని, తువ్వాల గాలికి లేసింది. పేరు చదివిండు. పొద్దుగాల బోణీకే సమాధి ఎక్కియ్య అని పోయిండు."

"నేను ముందే చెప్పిన!"

"ఫికర్ చెయ్యకు. ఎంత దూరం? భుజానికి ఎత్తుకుంట. పట్టు, ఆ దిక్కు పట్టు... ఆ..."

"ఏమైంది?"

"ఏం గాలే."

"నడుము పట్టింది గద?"

"పట్టలే."

"మరి వంగినవ్, లేస్తలేవేంది?"

"లేస్త. జర టైము పడ్తది."

"చెల్లె, మీ నాయిన్ని ఈ బెంచి మీద కూసోబెట్టు. బస్సు మల్ల కదలనీకె ఇంక అర్ధగంట ఉన్నది, నేను ఈన్నే ఉంట."

"అక్కా, ఒక్క మేలు చెయ్యి. ఈ బండను జర చూస్కో. నాయినా, దీన్ని ఈన్నే ఇడిచిపెట్టి మనం పోదాం."

"ఉత్త చేతులతోని పోయి నోటితోని వాయిస్తవా?"

"బండ లేకున్నా వాయిస్త నాయినా."

"ఎట్లనో చెప్పు బిడ్డ."

"బండ ఉత్తదే నాయినా."

"ఏందీ?"

"లోపల ఏం లేదు. నిన్ననే ఇప్పిన. అంతా ఒక్క ప్లేటు మీదనే ఉన్నది గద, నాలుగు స్క్రూలు తీసి స్టీలు డబ్బాల బిగిచ్చిన. సంచిలున్నది సాంబార్ కాదు. అదే సింథు. నువ్వు బాధ పడ్తవని చెప్పలే."

"అయ్యో చెల్లె! మీ నాయిన తాండూర్ కాంచి దాన్ని కడుపుకు ఆనిచ్చుకొని కూసున్నడు! ఉత్త బండ కోసం నేను రూలు తప్పిన్నా?"

"ఏం చెయ్యాలె చెప్పక్కా? హైదరాబాద్ కెల్లి పెద్ద పెద్దోళ్లు వచ్చి కూసుంటరు. నా పేరుతోని సమాధి మోస్కొని పోతె నవ్వరా? ఏడాది సంది కండ్లు పోంగ టంకం పెట్టిన. చేతులు చూడు, అన్ని బొబ్బలే. బండను చూసి నవ్వి పంపిస్తె నా కష్టం ఏం గావాలె?"

"నవ్వితె నవ్వనియ్యి."

"నీకేంది నాయినా, నీకు గదే కావాలె! ఒక్కటి అడుగుత, కోపానికి రాకు. నేను హైదరాబాద్ పోవుడు నీకు ఇష్టం లేదు. అవునా కాదా? ఇది ఎక్కడికి కదలొద్దనే బండతోని చేసినవ్. అవునా కాదా?"

"టైము ఎంతైంది మేడం?"

"పదీ యాభై. పెద్దాయనా, పిల్ల ఏడుస్తుంది. జవాబు చెప్పు."

"డబ్బ తియ్యి బిడ్డ."

"ముందు నువ్వు చెప్పు."

"సంచిలకెల్లి డబ్బ తియ్యి. మూత తియ్యి."

"ఎందుకు? ఇప్పుడు వాయియ్యాల్నా ఈడ?"

"తియ్యమంటున్న గద."

"తీస్తున్న... నాయినా! ఏంది ఇది? కందిపప్పు! అక్కా చూడు, నిండ కందిపప్పే ఉన్నది! నా సింథు ఏది? నాయినా, నా సింథు ఏది?"

"యాడ ఉండాల్నో ఆడనే ఉన్నది, బండల. పొద్దుగాల నువ్వు గుడికి పోంగ డబ్బ కనవడ్డది. స్పీకరు తగిలిచ్చి చూసిన. కూ అని ఒక్కటే ఒర్లుడు, మీ అమ్మ చేతిలకెల్లి చాటనే పడ్డది. నాలుగు స్క్రూలే గద, మల్ల బండల బిగిచ్చిన. పిల్లి లెక్క గమ్మునున్నది, నేనెట్ల తిప్పితె అట్ల పల్కింది."

"తెల్సి గూడ తాండూర్ కాంచి గమ్మున కూసున్నవా?"

"నువ్వు ఎప్పుడు చెప్తవో అని చూసిన."

"చెల్లె, నీ సంచి బరువు తగ్గొద్దని పప్పు పోసిండు! ఎంత హుషార్ ఉన్నడు మీ నాయిన!"

"బరువు కోసం కాదు మేడం. ఇగ హైదరాబాద్ల ఏడాది ఉండాలె గద నా బిడ్డ, ఆడ మన తాండూర్ పప్పు ఎవరు పెడ్తరు?"