పెదాలు కలవని మాట

నరసాపురం. సినిమా విడుదలైన నాలుగో రోజు మధ్యాహ్నం. దర్శకుడు విజయ్ పాల్‌ని అక్క రూబీ గుమ్మంలోనే ఆపేసింది.

“చెప్పులు విప్పకు. ముందు అడిగినదానికి చెప్పు.”

“అక్కా, లోపలికి రానియ్యి. వీధిలో అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! జనం చూడ్డానికేగా కన్నతండ్రిని మంచంతో సహా తెరకెక్కించావు?”

“నాన్న ఇష్టపడే చేశాడు. చర్చిలో నా మొదటి క్రిస్మస్ నాటకం నుంచీ ఆయన లేకుండా నేనేదైనా చేశానా?”

“నాటకాల్లో ఉన్నాడు. నీ పరిషత్తు బహుమతుల కోసం బడికి సెలవు పెట్టి ఊరూరా తిరిగాడు. హైదరాబాదెళ్ళాక ఏడేళ్ళు కనపడలేదు నువ్వు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక గుర్తొచ్చాడా?”

“మొదట్లోనే ‘నాన్నకి అంకితం’ అని వేశానక్కా. ఆ మంచం సీనుకి హాలంతా ఏడుస్తోంది. నాన్నని చూసి ‘జ్ఞానప్రకాశం మాస్టారు జీవించారు’ అంటున్నారు.”

“జీవించారా? సిగ్గు లేదట్రా ఆ మాట అనడానికి? ఆ సీను తీసిన రోజే పోయాడు మనిషి!”

“సరే, తప్పే. ఇప్పుడేం చెయ్యమంటావు?”

“ఆ సీన్లో గొంతు ఎవరిది?”

“ఏ గొంతు?”

“నా దగ్గర వేషాలెయ్యకు. ‘నువ్వు గెలిచావురా బాబూ’ అంటాడే, ఆ గొంతు.”

“డబ్బింగ్. నాన్నకి మాట ముద్దగా వచ్చేది కదా. జనానికి అర్థం కాదని వేరే ఆయన చేత చెప్పించాను.”

“మరి నాన్న అన్నదేంటి?”

“అదే. అదే డైలాగు.”

“అదే కాదు! లేసు పని పక్కన పడేసి మూడు ఆటలు చూశాను. రెండేళ్ళు ఆ నోటికి చెంచాతో జావ పట్టినదాన్ని. ఆయన మాట అందరికంటే నాకే బాగా అర్థమయ్యేది. ఆ పెదాలు ‘గెలిచావు’ అనలేదు.”

“తెలిసే అడుగుతున్నావా?”

“సగమే తెలిసింది. మధ్యలో మొహం పక్కకి తిప్పేశాడు. అసలు గొంతు వినిపించు.”

“లేదక్కా. పోయింది.”

“పొద్దున ఫోన్లో హైదరాబాదులో ఉందన్నావు!”

“అదే... హైదరాబాదులోనే పోయింది.”

“ఒరేయ్!”

“వద్దక్కా. వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నా కాళ్ళెందుకు? ఆ రోజు నీ మనుషులకి టీ పెట్టమని నన్ను వంటింట్లోకి పంపించావు. నేను గ్లాసులు పట్టుకొచ్చేసరికి నాన్న లేడు. డైలాగు చెప్పి, నవ్వుతూ కన్నుమూశాడన్నావు. నమ్మాను. సమాధి దగ్గర నిన్నే పట్టుకుని ఏడ్చాను. నవ్వుతూ పోయాడు కదా అని ఇన్నాళ్ళూ అన్నం తిన్నాను. చెప్పు. ఏమన్నాడు?”

“ఊపిరాడట్లేదన్నాడు.”

“ఆ తర్వాత?”

“అది మాత్రం అడక్కు.”

“తర్వాతేంటిరా?”

“అక్కని పిలువన్నాడు. రెండుసార్లు.”

“గోడవతలే ఉన్నాను కదరా! ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కదరా! ఎందుకు పిలవలేదు?”

“షాట్ చాలా బాగా వస్తోందక్కా. అయ్యాక పిలుద్దామనుకున్నాను.”