ఆఫీసుకు పనికొచ్చే చీర

రేపటి నుంచి అత్తగారికి లైబ్రరీలో ఉద్యోగం, జీవితంలో మొదటిది. ఆవిడా, కోడలూ తెరిచి ఉన్న బీరువా ముందు నిలబడ్డారు.

"ఈ నీలం పట్టుచీర, అత్తయ్యా?"

"అమ్మాయి పెళ్లికి కొన్నది. ఇది కట్టుకెళ్తే పుస్తకాలు మానేసి నన్నే చూస్తారు."

"మరి ఈ గోధుమరంగుది?"

"మీ మామయ్య ప్రమోషన్ పార్టీది. అన్నీ ఎవరో ఒకరి వెనకాల వెళ్లడానికి కొన్నవే. నీకు నూలు చీరలుండేవి కదే, ఆఫీసుకు కట్టేదానివి?"

"అటక మీదున్నాయి అత్తయ్యా."

"అక్కడెందుకు పెట్టావు?"

"మనింటి కోడలికి ఉద్యోగం అక్కర్లేదన్నారుగా మీరు. ఆ రోజే మూటకట్టేశాను."

అత్తగారు కోడలి వంక చూడకుండా బీరువా మూసేశారు.

"నిచ్చెన నేను పట్టుకుంటాను, ఎక్కు."

"ఒక్కటి చాలా అత్తయ్యా?"

"మూట మొత్తం దించు. నువ్వు ఆఫీసుకేం కట్టుకుని వెళ్తావు మరి?"