కోచ్ బెల్టు పట్టుకునేవాడు

అలబామాలో మా ఊరి కాలేజీ పక్క హోటల్లో, ఆదివారం చర్చి అయ్యాక, ఇద్దరు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకాయన కొన్నేళ్ల క్రితం మ్యాచ్ మధ్యలో ఆటగాడి హెల్మెట్ పట్టి గుంజి, ఉద్యోగం పోగొట్టుకుని, ఈమధ్యే మళ్లీ ఇక్కడే చేరిన అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. రెండోవాడు ఆ హెల్మెట్‌లో ఉన్న కుర్రాడు.

"మళ్లీ మా మీద పడ్డారా కోచ్? టోపీ కూడా కొత్తదే!"

"తర్వాత తిడుదువుగాని, ముందు తినరా."

"మీరు తినిపిస్తున్నారంటే నాతో ఏదో పని పడినట్టే."

"పడింది. కోపమొస్తే నేను గీత దాటి మైదానంలోకి పోతాను కదా. వెనక నిలబడి బెల్టు పట్టుకుని లాగేవాడు కావాలి."

"అప్పుడూ ఒకడుండేవాడుగా?"

"వాడికి నేనంటే భయం. వదిలేశాడు."

"మరి నాకు లేదా భయం?"

"నీకు నా మీద కోపముంది. గట్టిగా లాగుతావు."

"ఊరంతా నవ్వుతుంది కోచ్. దెబ్బ తిన్నవాడే కాపలా అని."

"నవ్వనీ. మళ్లీ ఎవడి మీదైనా చెయ్యి వేశానంటే, ఇంక నాకు ఆటే లేదు."

"ఒక్క మాట. ఆ రోజు బంతి వదిలేసింది నేను కాదు."

"తెలుసు. తర్వాత వీడియోలో చూశాను."

"చూసి కూడా చెప్పలేదా!"

"నోరు రాలేదురా. తప్పు నాది. క్షమించు."

కుర్రాడు పాన్‌కేకుల మీద పాకం పోస్తూనే ఉన్నాడు. పళ్లెం నిండిపోయింది.

"శనివారం మ్యాచ్‌కి ఎన్నింటికి రమ్మంటారు?"

"నిజంగా వస్తావా?"

"వస్తాను. మీరు మాత్రం లోపల మంచి నిక్కరు వేసుకు రండి. టీవీలో అందరూ చూస్తారు."