పెరుగు గట్టిపడే లోపు

హలో… ఆఁ, నేనే కొమాద్రే, సాంతోస్‌ని. పక్కింటి సాంతోస్‌నే. పెట్టెయ్యకండి—

లేదు లేదు, మీతో పోట్లాడ్డానికి చెయ్యలేదు. నా మంటంతా మీ ఆయన మీద. ఆ ఎలాదియో చిరోకె ఉన్నాడే, వాడు నా పాలిట—

…సరే, అననులెండి. మీ యూలీసా బాప్తిస్మం నాడు పిల్లని ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రిని. ఆ పూట నుంచే మీరు నాకు కొమాద్రే అయ్యారు. కొమాద్రే ముందు నోరు జారకూడదని నాకూ తెలుసు. ఆ మర్యాదే అడ్డం రాకపోతే మీ ఆయన సంగతి ఇలా ఫోన్లో కాదు, చర్చి మైకులో చెప్పేవాణ్ణి.

…వస్తున్నా, విషయానికే వస్తున్నా. మీ ఆయన చెడిపోయిన మేకపాలు అమ్మాడు.

…నాకు కాదు. మీ ఇంటి పాలు నేనెందుకు కొంటాను? వీధి చివర కొట్లో కొన్నాను… ఆ కొట్టుకి పోసేది మీరేగా!

…చేదు కొమాద్రే, చేదు! నాలుక మీంచి ఇంకా దిగలేదు. పొద్దున తోడుపెట్టిన గిన్నె మూత తీసి చూస్తే పెరుగు గడ్డలా ఉంది. తీయటి వాసన. గుడ్డలో మూటకట్టి నీళ్ళన్నీ ఓడ్చాను. అప్పుడూ బాగానే ఉంది. పండు కలిపి, కాసేపు పక్కన పెట్టి, వేలితో రుచి చూద్దును గదా— మందు మింగినట్టుంది.

…ఎందుకు చేశానా? …అది మీకెందుకు?

…సరే, దాచేదేముంది. నాలుగింటికి జడ్జి దోన్ ఫావుస్తో వస్తున్నాడు కదా కంచె కొలవడానికి. పాపం పెద్దమనిషి, ఈ సుల్యానా ఊరి ఎండలో పడి వస్తాడు. చల్లగా ఏదైనా చేతిలో పెడదామని… ఐసు పెరుగు. ఇంత గిన్నెడు.

…లంచమా! ఎంత మాటన్నారు! పెరుగు లంచమెలా అవుతుందండీ?

…ఆఁ? మీరూ చేశారా? …దోన్ ఫావుస్తో కోసమే? …మామిడిపండుతోనా?

చూశారా! మీ ఇంట్లో చేస్తే మర్యాద, మా ఇంట్లో చేస్తే లంచం!

…ఉన్నాను, ఉన్నాను. కోపమేం లేదు. చెప్పండి.

…ఏ పండా? అనాసపండు. మంచిది, బాగా పండింది. సన్నగా తరిగి కలిపాను.

…పచ్చిదే మరి. అనాసపండుని ఉడకబెట్టుకుని ఎవరు తింటారు?

…నవ్వకండి.

…కొమాద్రే, నవ్వకండి. రిసీవరు పక్కన పెట్టి మరీ నవ్వుతున్నారు, వినిపిస్తోంది.

…పచ్చి అనాసపండు పాల మీద పడితే విరిచేస్తుందా? చేదెక్కిపోతుందా? …బొప్పాయీ అంతేనా? …ముందు ఉడకబెట్టి చల్లార్చి కలపాలా? మా అమ్మ ఒక్కనాడూ చెప్పలేదే నాకు! నాకేమో మూడో తరగతిలోనే పలక లాక్కుని చేతిలో పార పెట్టారు. ఇంకెక్కణ్ణించి తెలుస్తాయి ఇవన్నీ?

…సరే. పాల సంగతి వెనక్కి తీసుకుంటున్నా. మీ మేకలు మంచివే. చాలా?

కంచె సంగతి మాత్రం తీసుకోను! వానల ఏడు వరదొచ్చి నది పొంగి పెరళ్ళన్నీ ఏకమైపోలేదూ? పాత కంచె కొట్టుకుపోయింది. నేను మా చెల్లెలింట్లో తలదాచుకున్నాను. నీళ్ళు తీశాక తిరిగొచ్చేసరికి మీ ఆయన కొత్త కంచె పాతేశాడు. ఎక్కడ? నా నిమ్మచెట్టు దాటి నా వైపు! పొద్దున లేస్తే నా నిమ్మకాయలు మీ ఆయన చేప ముక్కల మీద పిండుకుంటుంటే నేను కంచెలోంచి చూడాలి!

…వరద తోసిందా కంచెని? వరద గుంజలు పాతుతుందా కొమాద్రే? వరద ఇనపతీగ చుడుతుందా?

…మీరు పాతలేదు, నిజమే. మిమ్మల్ననను. అందుకేగా ఇవాళ నేను పెరట్లో ఉండి తీరాలి. పాత గుంజ మొదలు మట్టిలో ఎక్కడ విరిగి ఉందో నాకొక్కడికే తెలుసు. జడ్జి రాగానే తీసుకెళ్ళి అక్కడ కాలు పెట్టి చూపిస్తా. అది చూపిస్తే నిమ్మచెట్టు నాది. చూపించకపోతే ఇప్పుడున్న కంచే హద్దు. అంతే తేలిక.

…ఆఁ, విన్నాను ఆ మాట. చెరోవైపు వాళ్ళూ టేపు చెరో కొసా పట్టుకోవాలన్నాడు జడ్జి. మనిషి లేకపోతే మనిషి తరఫున తనవాళ్ళెవరైనా పట్టుకోవచ్చన్నాడు. నేనే పట్టుకుంటా. మా అన్నదమ్ముల్ని నమ్మి దారప్పోగు కొస కూడా ఇవ్వను నేను.

సరే ఇప్పుడేం చెయ్యాలి? టైముంది కదా?

…పారబొయ్యాలా? మొత్తం? …అయ్యో. సగం పెరుగు ఇంకా మూటలోనే ఉంది, పండు కలపనిది. దాంతో చేస్తా. మామిడిపళ్ళున్నాయి, తాంబోగ్రాందే తోటలవి, ముట్టుకుంటే రసం.

…ఆగండి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంటా… ఆఁ, చెప్పండి.

…చెక్కు తీసి, టెంకకున్నదంతా పిండి, చేత్తో మెత్తగా మెదపాలి. పీచు వడకట్టాలి… అవుతోంది… అవుతోంది… చక్కెర లేదు, బెల్లముంది. కోరి వేస్తా… పెరుగు రెండు వంతులు, పండు ఒక వంతు. సరే. చిటికెడు ఉప్పా? తీపి దాంట్లో ఉప్పెందుకు? …మీరంటే వేస్తా.

…ఐసు ఉంది. చేపలమ్మే మనిషి దగ్గర తెచ్చాను.

…కంపు కొట్టదు! అది బయటి తొట్టిలో వేస్తాను కదా, పెరుగులో కాదు. ఐసులో గల్లుప్పు చల్లి, మధ్యలో రేకుగిన్నె దించి… దించాను. పెరుగు పోశాను. హా! చెయ్యి పెడితే కొరుకుతోంది చలి.

…కదుపుతూనే ఉండాలా? ఆపకుండా?

…ఆపితే ఏమవుతుంది?

…రాయి అవుతుందా! లోపల మంచుముక్కలు కట్టి, జడ్జి పన్ను విరుగుతుందా! వద్దు వద్దు. ఆయనకున్నవే నాలుగు పళ్ళు. కదుపుతా. చెక్క గరిటతో, అంచులు గీకుతూ… ఇలా… సరే.

…ఎక్కడ కూర్చున్నానా? వంటింట్లోనే. వీధి గుమ్మం పక్కన.

…లేదు, పెరడు ఇక్కణ్ణించి కనపడదు. ఎందుకడిగారు?

…ఓ, ఎండ తగలకూడదా. తగలదు. ఎంత జాగ్రత్త కొమాద్రే మీకు! ఆ ఎలాదియోకి మీరెలా దొరికారో నాకిప్పటికీ అర్థం కాదు. దేవుడు కూడా ఒక్కోసారి చూసుకోకుండా పంచేస్తాడు.

…పొగడ్తలు కావు. ఉన్నమాట.

…గరిట బరువెక్కుతోంది. ఆఁ. అంచుల్లో కడుతోంది… గీకి మధ్యలోకి తోస్తున్నా… భుజం లాగేస్తోంది. ఎడమచేత్తో కదపొచ్చా? …ఒకే వైపు తిప్పాలా? సరే, సరే, కుడిచేత్తోనే.

మీ కుక్క ఎందుకలా మొరుగుతోంది?

…పిల్లినా? ఏ పిల్లి?

…ఎవరో దగ్గుతున్నారు మీ ఇంట్లో. మీ ఆయన దగ్గు అది కాదే.

…రేడియోనా? రేడియోలో అంత పొడి దగ్గు!

…చూస్తున్నా, గిన్నెలోకే చూస్తున్నా. ఆపలేదు. మెరుపు పోయి మందంగా అవుతోంది. అచ్చు… అచ్చు ఆ బజార్లో కాగితం గిన్నెల్లో అమ్ముతారే, అలా!

నేనొకటి చెప్పనా కొమాద్రే? నిజంగా లంచం కాదిది. వరద తర్వాత ఈ గుమ్మంలోకి ఎవడైనా పెద్దమనిషి వచ్చి కూర్చుని, నా చేతిది ఏదైనా తిని, ‘బాగుంది సాంతోస్’ అన్నాడా? ఎవడూ అనలేదు. అందరూ మీ గడపే తొక్కుతారు. అక్కడ నవ్వులూ, గ్లాసుల చప్పుడూ వినబడతాయి. నేనిటు గోడ పక్కన వినాలి. ఒక్కసారి నా ఇంట్లోనూ ఎవరో ఒకరు రెండోసారి పెట్టించుకోవాలని…

…ఏడవట్లేదు. ఉప్పు. చేతికున్న ఉప్పు కంట్లో పడింది.

…మళ్ళీ నవ్వు! ఈసారి నవ్వింది మీరు కాదు. మీ ఇంట్లో ఎవరో మగమనిషి. చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు కూడా. ఎవరికి పెడుతున్నారు?

…యూలీసాకా? యూలీసాకి ఎప్పుడొచ్చింది ఆ గొంతు?

…సరే, గిన్నె వదలను. వదలనన్నానుగా. రాయి అవుతుందన్నారుగా.

…కొమాద్రే.

కొమాద్రే! కుదిరింది! గరిట నిలబడింది! వదిలేసినా పడట్లేదు! ఆగండి, రుచి… అబ్బ. అబ్బబ్బ. పులుపు ముందొస్తోంది, వెనకాల మామిడి. నున్నగా ఉంది, ఒక్క మంచుముక్క తగిలితే ఒట్టు. ఆయబాకా చర్చి ప్రభువు మీద ఆన, ఇంత మంచి పని నా చేత్తో ఈ జన్మలో జరగలేదు. ఇప్పుడే గిన్నెల్లో పోసి, మూత పెట్టి, వెళ్ళి పెరట్లో నిలబడతా. జడ్జి నాలుగింటికొచ్చేసరికి—

…ఏమిటీ?

…వచ్చేశాడా? ఎప్పుడు?

…మూడింటికే! ఎందుకు?

…కోడిపందెమా! కెరెకొటీయోలో కోడిపందెముంటే నా పెరడు ముందే కొలిచేస్తాడా!

…నాకు చెప్పలేదే! ఇంతసేపు ఫోన్లో ఉండి, ఒకే వైపు తిప్పమని చెప్పారు గానీ జడ్జి వచ్చాడని చెప్పలేదే!

…నేను అడగలేదా? దగ్గు ఎవరిదని అడిగానుగా! కుక్క ఎందుకు మొరుగుతోందని అడిగానుగా!

…ఆపు నీ— ఆపండి మీ మాటలు. క్షమించండి. కొమాద్రే, క్షమించండి. నోరు జారింది. ఒక్కటి చెప్పండి. నేను లేకుండా కొలవకూడదు. టేపు రెండో కొస ఎవరు పట్టుకున్నారు?

…

యూలీసానా?

…నా తరఫునా! నా జ్ఞానపుత్రిక కాబట్టి నా మనిషేనా! నేనెత్తుకుని బాప్తిస్మమిప్పించిన పిల్ల నా కొస పట్టుకుని వాళ్ళ నాన్న చూపించిన చోట నిలబడిందా!

…ఆ పిల్ల ఏం చేస్తుంది, నిజమే. పట్టుకోమంటే పట్టుకుంది. దాన్ననను.

పాత గుంజ ఎవరూ చూపించలేదా? …ఎవరూ అడగలేదా?

…ఇవ్వండి. జడ్జికివ్వండి ఫోను. ఇవ్వండంటున్నాను—

దండాలయ్యా దోన్ ఫావుస్తో. ఆఁ, నేనేనయ్యా, సాంతోస్ యమునాకెని… క్షేమమేనయ్యా… తమరు పిలిచారా? పెరట్లోంచి రెండుసార్లు పిలిచారా? వినబడలేదయ్యా… లేదయ్యా, నిద్రపోవట్లేదు. చిన్న పనిలో ఉన్నాను. పెరుగు… అవునయ్యా, పెరుగు కలుపుతున్నాను.

…అయ్యా, ఒక్క నిమిషం ఇటు వచ్చి వెళ్ళండి. తమరి కోసమే చేశాను. మామిడిపండుది. ఇప్పుడే గట్టిపడింది. ఆ చేత్తోనే విరిగిన గుంజ మొదలు కూడా చూపిస్తా…

…మూడు గిన్నెలు తిన్నారా? అక్కడ?

…కడుపులో చోటు లేదా. సరేనయ్యా.

…పందెం కోళ్ళు ఆగవు, అర్థమయింది. సంతకం కూడా… యూలీసా పెట్టేసిందా. నా తరఫున. దస్తూరీ బాగుందా? ఉంటుందయ్యా. ఆ పిల్ల బడికెళ్ళింది.

…ఆఁ, వింటున్నాను, చదవండి… ఇంకోసారి చదవండయ్యా, నెమ్మదిగా… కంచె ఉన్నచోటే ఉంటుంది… అంటే నావైపు నుంచి పోయింది పొడవు పద్నాలుగు మీటర్లు… వెడల్పు డెబ్భై సెంటీమీటర్లు… నిమ్మచెట్టుతో సహా.